పాత ఫ్రేమ్, కొత్త గేర్లు, ఒక దారం



ఈ మధ్య నేనొక పాత స్టీల్ రోడ్ బైక్ బాగుచేస్తున్నాను. 1980ల నాటి రేనాల్డ్స్ 531 గొట్టాల ఫ్రేమ్. వెనక చక్రం కూర్చునే సందు 126 మిల్లీమీటర్లు. ఇప్పటి 11 స్పీడ్ చక్రానికి 130 కావాలి.

అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను వంచకూడదు, పగులుతాయి. స్టీల్ అలా కాదు. వేడి పెట్టకుండా, మెల్లగా అటు రెండు, ఇటు రెండు మిల్లీమీటర్లు తెరిస్తే ఒదుగుతుంది. ఆ తర్వాత ముందు గొట్టం నుంచి వెనక రెండు కొసలకూ దారం కట్టి, సీటు గొట్టానికి రెండు పక్కలా దూరం సమానంగా ఉందో లేదో కొలవాలి. అది తప్పితే ఎంత ఖరీదైన గేర్లు పెట్టినా బండి తిన్నగా పోదు.

మన ధర్మానికీ ఈ ఒదుగు ఉంది. పాత గుడిని బాగుచేయడానికి ఆగమాల్లో జీర్ణోద్ధారణ అని ఒక పద్ధతే ఉంది. యాదాద్రి చూడండి. కొన్నేళ్లు పూజలు బాలాలయంలో జరిగాయి. చుట్టూ కృష్ణశిలతో కొత్త ఆలయం లేచింది, 2022 మార్చిలో దర్శనాలు మళ్లీ మొదలయ్యాయి. గుహలోని స్వయంభూ మూర్తిని మాత్రం కదపలేదు.

తాతయ్య పోయాక ఇంట్లో పూజ నా వంతుకొచ్చింది. ఆయనది గంటన్నర పూజ. నాకు ఆఫీసు కాల్స్ మధ్య దొరికేది పది నిమిషాలు. అంత చేయలేనని అసలే మానేస్తే, ఫ్రేమునే తుక్కుకి వేసినట్టు. వేళ మార్చుకోవచ్చు, అష్టోత్తరం ఫోన్‌లో చూసి చదవొచ్చు. మార్చకూడనిది శ్రద్ధ. ఆ పది నిమిషాలూ మనసు స్వామి మీద ఉందా? సూత్రం అంటే దారమే కదా! ఆ ఒక్క దారం రోజూ కట్టి చూసుకుందాం.

రేపు పొద్దున ఒక్క దీపంతో మొదలుపెట్టండి. లక్ష్మీనరసింహ స్వామి మనందరినీ చల్లగా చూడాలి.