కత్తి తీసేస్తే సరిపోతుందా?



నెలగంట పెట్టిన దగ్గర్నుంచి మన పేటల్లో ఎక్కడ సమావేశం పెట్టినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అన్నియ్యా, కోడికి కత్తి కట్టకుండా పందెం ఆడితే తప్పేటి? కోడి సచ్చిపోదు కదా. ఆదివారం మనమే కోసుకుని తింటాం కదా!" అడిగేది కుర్రాళ్ళే. వెటకారానికి అడుగుతున్నారని అనుకోకండి. పంచశీల తీసుకున్నవాడికే ఈ సందేహం వస్తుంది, తీసుకోనివాడికి ఏ ఇబ్బందీ లేదు. పాపం తగులుతుందని బెదిరించే జవాబు ఇక్కడ పనికిరాదు. పాపపుణ్యాల లెక్కలు వదిలేసే కదా మనం ఇటు వచ్చాం.

ముందు తిండి సంగతి చూద్దాం. మాంసం తింటారని చెప్పి మనవాళ్ళని ఎన్ని తరాలు ఊరి బయట ఉంచారో మీకు నేను చెప్పక్కర్లేదు. అహింస అన్న మాట మన కంచం దగ్గర మాత్రమే గుర్తొచ్చేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాం. బాబాసాహెబ్ ఈ చిక్కు నుంచి తప్పుకోలేదు. ఆయన పరినిర్వాణం తర్వాత 1957లో అచ్చయిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో, బుద్ధుడు అహింసని ఒక సూత్రంగా చెప్పాడే గాని నియమంగా పెట్టలేదని వివరించారు. నియమమైతే కళ్ళు మూసుకుని పాటించొచ్చు. సూత్రాన్ని ఎవరి బుద్ధితో వాళ్ళు తూచుకోవాలి. తూచడానికి ఆయన ఒక రాయి కూడా ఇచ్చారు: చంపాల్సిన అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరు. ఇంట్లో పిల్లలకి కూర వండడానికి కోడిని కోసిన మనిషీ, బరి చుట్టూ నిలబడి దాని నెత్తురు చూసి ఈలలు వేసిన మనిషీ ఒకటి కాదు. 'తింటాం కదా' అన్న మాటకి ఇది జవాబు.

కత్తి మాట మిగిలింది, ఇది అంత తేలిక కాదు. కత్తి కట్టకపోతే చంపాలన్న కోరిక కూడా లేనట్టే కదా అంటారు. అవసరమూ లేదు, కోరికా లేదు, వట్టి సరదా. దీన్నేం చెయ్యాలి? ఇలాంటి పనే బ్రిటన్‌లో వందేళ్ళ కిందట చేసి చూశారు. మన దగ్గర కత్తి తీసేస్తామంటున్నట్టే వాళ్ళు కుందేలుని తీసేశారు. ఆ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి.

గ్రేహౌండ్ అనగానే మన రాష్ట్రంలో పోలీసులు గుర్తొస్తారు, శ్రీకాకుళం వాళ్ళకి మరీను. 1989లో పెట్టిన ఆ దళం పేరు నిజానికి ఒక కుక్కది. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, గాలిలా పరిగెత్తే వేటకుక్క. ఇంగ్లండు భూస్వాములు వెనకటికి రెండు కుక్కల్ని బతికున్న కుందేలు మీదకి వదిలి, ఏది మెరుగ్గా తరిమిందో చూసి పందేలు కాసేవాళ్ళు. 1836లో మొదలైన వాటర్లూ కప్పు ఆ పోటీల్లో పెద్దది. ఆ తర్వాత ఓవెన్ స్మిత్ అనే అమెరికావాడు కరెంటుతో పట్టా మీద పరిగెత్తే మర కుందేలుని తయారుచేశాడు. 1926 జూలై 24న మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ మైదానంలో ఆ మర కుందేలు వెనక కుక్కల్ని పరిగెత్తించారు. గుండ్రటి బాట, ముందు మర, వెనక కుక్కలు. కుందేలు చావదు. కుక్కకి కుందేలు దొరకదు. ఎక్కడా నెత్తురు చుక్క లేదు.

జనం విరగబడ్డారు. మరుసటి ఏడాదికల్లా లండన్‌లో వైట్ సిటీ మైదానంలోనూ మొదలైంది. వచ్చేవాళ్ళు ఎక్కువమంది మిల్లుల్లో, రేవుల్లో పనిచేసే కూలిజనం. గుర్రప్పందేలకి వెళ్ళాలంటే ఊరు దాటాలి, పగటిపూట పని మానాలి. ఇదైతే సాయంత్రం షిఫ్టు దిగి నడిచి వెళ్ళొచ్చు. అప్పటికి అక్కడ 1906 నాటి చట్టం ఒకటి ఉండేది. కూలివాడు వీధిలో డబ్బు పెట్టి పందెం కాస్తే నేరం. దొరగారు తన ఏజెంటు దగ్గర ఖాతా పెట్టుకుని అరువు మీద కాస్తే నేరం కాదు. కుక్కల పందేలు చెడ్డవని పత్రికల్లో రాసినవాళ్ళలో చాలామంది గుర్రప్పందేల ఊసెత్తలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిన మరుసటి ఏడు, 1946లో, ఈ మైదానాలకి కోట్లలో టిక్కెట్లు తెగాయి.

కుందేలు బతికింది సరే, కుక్క ఏమైంది? పందెం కుక్క ఏడాది దాటాక బరిలోకి దిగుతుంది. నాలుగైదేళ్ళు వచ్చేసరికి దాని పని అయిపోతుంది. కాలు విరిగితే అంతకుముందే. మామూలుగా అది పన్నెండేళ్ళ పైన బతికే జీవం. మిగిలిన ఏళ్ళు దానికి తిండి ఎవరు పెట్టాలి? పందేనికి రోజూ కొత్త కుక్కలు కావాలి, ఓడినవి అక్కర్లేదు. 2006లో ఒక లండన్ పత్రిక బయటపెట్టిన సంగతి వినండి. డర్హం కౌంటీలో సీహాం అనే ఊళ్ళో ఒకాయన పదిహేనేళ్ళుగా, పనికిరాని పందెం కుక్కల్ని తలకి పది పౌండ్లు తీసుకుని కాల్చి, ఇంటి వెనక పొలంలో పూడుస్తున్నాడు. పదివేలకి పైనే ఉంటాయని ఆ పత్రిక అంచనా. మరుసటి ఏడు కోర్టు వేసిన జరిమానా రెండువేల పౌండ్లు. అదీ కుక్కల్ని చంపినందుకు కాదు, అనుమతి లేకుండా కళేబరాలు పూడ్చినందుకు!

ఇందులో చంపాలనుకున్నవాడు ఎవరో చెప్పండి. టిక్కెట్టు కొన్నవాడు అనుకోలేదు. మర చేసినవాడు కుందేలుని తప్పించాడు. యజమానులు చాలామంది కుక్కల్ని ముద్దుచేసినవాళ్ళే. అయినా పదివేలు. మనసులో చంపాలని లేదు కాబట్టి నాకు సంబంధం లేదనే మాట ఇక్కడ చెల్లదని నాకనిపిస్తుంది. చేతనే కర్మ అని బుద్ధుడన్నది నిజమే. ఆ ముక్క పట్టుకుని మనలో కొందరు అన్నిటికీ సమాధానం చెప్పేస్తుంటారు. ఓడిన దాని గతి ఏమిటని అడగకుండా ఉండడం కూడా చేతనలో భాగమే కదా.

ఇప్పుడు మన బరికి రండి. డేగ, కాకి, నెమలి అని పేర్లు పెట్టి, బాదంపప్పు, గుడ్లు పెట్టి పెంచుతారు. నెలల తరబడి కాలికి తాడు, మంద నుంచి వేరు. బరిలో కత్తి ఉంటే కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. కత్తి లేకపోతే ముక్కుతో, కాలి ముల్లుతో పొడుచుకుంటూ ఒకటి కూలబడేదాకా సాగుతుంది. కన్ను పోయిన కోడి, మెడ వాల్చేసిన కోడి మళ్ళీ పందేనికి పనికిరాదు. సాయంత్రానికి అది ఏ గిన్నెలో ఉంటుందో అడిగిన కుర్రాడికీ తెలుసు. కత్తి తీసినందువల్ల ఆ కోడికి ఒరిగిందేమిటో నాకు కనబడలేదు.

దీఘనికాయంలో బ్రహ్మజాల సుత్తం ఉంది. శ్రమణ గౌతముడు దూరంగా ఉన్న వినోదాల పట్టీ అందులో వస్తుంది: ఏనుగుల పోట్లాటలు, గుర్రాలు, దున్నలు, ఎడ్లు, మేకలు, పొట్టేళ్ళు, కోళ్ళు, పూరేడు పిట్టలు. మన తీర్థాల్లో జరిగేవాటికి సరిగ్గా సరిపోతుంది. అది భిక్షువులకి చెప్పింది, సంసారులకి కాదని అనొచ్చు. సంసారులకి సిగాలోవాద సుత్తం ఉంది. పంచశీలలో జూదం అన్న మాట లేదు గాని, ఈ సుత్తంలో బుద్ధుడు సిగాలుడనే గృహస్థుకి జూదం వల్ల వచ్చే ఆరు నష్టాలు చెప్పాడు. గెలిస్తే పగ పుడుతుంది, ఓడితే పోయినదానికి ఏడుపు, చేతిలో సొమ్ము పోతుంది, నలుగురిలో మాట చెల్లదు, స్నేహితులు చులకన చేస్తారు, పిల్లనివ్వరు. ఇందులో నరకం ఊసే లేదు చూడండి. మద్రాసులో, హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయి, పండక్కి నాలుగు డబ్బులతో పలాస స్టేషన్లో దిగిన మనిషి కనుమ నాటికి తిరుగు టిక్కెట్టుకి అప్పు చేశాడంటే ఈ ఆరింటిలో ఎన్ని తగిలాయో అతని ఇల్లాలు చెప్తుంది.

చట్టం మాట కూడా ఒకటి. జంతువుల్ని కొట్లాటకి దింపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కోడిపందెం మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం కిందకీ వస్తుంది. అయినా లైట్లు, షామియానాలు వేసి ఆడే పెద్ద బరుల జోలికి ఎవరూ వెళ్ళరు. చింతచెట్టు కింద నలుగురు కూలీలు ఆడితే జీపు వస్తుంది. గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆట, జూదం కాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే మలక్‌పేటలో కాస్తే నైపుణ్యం, మన ఊళ్ళో కాస్తే కేసు. ఇది అన్యాయమే, అడగాల్సిందే. పెద్దోళ్ళని వదిలేస్తున్నారు కాబట్టి మనం ఆడొచ్చు అనే దగ్గరే నాకు పేచీ.

మన శాలిహుండం, రామతీర్థం చూసినవాళ్ళు వీలైతే ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా జౌగడ కూడా వెళ్ళండి. రుషికుల్య నది దగ్గర బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనంలోనే 'సమాజాలు' జరపొద్దని ఉంది. అప్పట్లో ఆ మాటకి అర్థం జనం మూగే జాతర్లు, వినోదాలు. అందులోనే ఇంకో సంగతి ఉంది. ఒకప్పుడు తన వంటశాలలో రోజూ లక్షల ప్రాణులు కూరకి పోయేవనీ, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమేననీ, ముందుముందు అవీ ఉండవనీ రాయించాడు. తన వంటింట్లో ఇంకా మానుకోలేదని దాచకుండా బండ మీద చెక్కించిన రాజుని నేనింకొకణ్ణి ఎరగను. ఆ వినోదాలు మాత్రం అప్పటికే వద్దన్నాడు. కొన్ని సమాజాలు మంచివని కూడా అక్కడే ఉంది, కాబట్టి పండగే వద్దనే అర్థం తీయక్కర్లేదు.

ఒక్కటి మాత్రం ఈ పుస్తకంలో తేలదు. బరి చుట్టూ బతుకుతున్నవాళ్ళలో మనవాళ్ళున్నారు. ఎవరిదో కోడిని కూలికి పెంచేవాళ్ళు, కత్తులు కట్టేవాళ్ళు, గాయాలకి కుట్లు వేసేవాళ్ళు. సమ్యక్ ఆజీవం అని వాళ్ళకి చెప్పడం తేలికే, జనవరిలో ఆ కూలి డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తామో చెప్పడమే కష్టం. వేల్స్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో కుక్కల పందేలు నిషేధిస్తామని ప్రకటించినప్పుడు, కుక్కల్ని కాసే కూలీల సంగతేమిటనే ప్రశ్న అక్కడా వచ్చింది. మీ పేటలో అలాంటి ఇళ్ళు ఎన్నున్నాయో, ఆ రెండు నెలల్లో వాళ్ళకి వచ్చేది ఎంతో రాసుకుని వచ్చే పౌర్ణమి సమావేశానికి తీసుకురండి. వాళ్ళనీ పిలవండి.