ఇచ్చుకుంటేనే నెమ్మది

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. ఒక యూనిట్ 500 మెగావాట్లు, ఇంకొకటి 600. అక్కడి టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. పక్కన నిలబడ్డా ఆ తిరుగుడు కంటికి కనపడదు. ఉక్కు మూత కింద జరిగేదంతా పాదాల కింది అదురు వల్లనే తెలుస్తుంది. ఆవిరి ఆపేసినా టర్బైన్ వెంటనే ఆగదు. బేరింగులకూ నూనెకూ తన వేగాన్ని కొంచెం కొంచెంగా ఒప్పజెప్పుకుంటూ చాలాసేపటికి నెమ్మదిస్తుంది. ఆ తర్వాత కూడా వేడి చల్లారేదాకా దాన్ని మెల్లగా తిప్పుతూనే ఉంటారు. లేకుంటే షాఫ్టు వంగిపోతుంది.

తిరిగేది ఏదైనా సరే, తన తిరుగుడును ఊరికే వదిలించుకోలేదు. ఇంకొకదానికి ఇవ్వాల్సిందే. కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం చెప్పేది ఇదే.

చలికాలం రాత్రి మానుకోట పల్లెల్లో మిరపచేను కాడ నిలబడి చూస్తే పిల్లలకోడి చుక్కలు నెత్తిమీదికి వస్తాయి. వాటికి తూర్పున, వృషభరాశి కొమ్ము కొసన, మామూలు కంటికి అందని ఒక నక్షత్రం ఉంది. అది పేలిన వెలుగును చైనావాళ్లు 1054లో పట్టపగలే చూసి రాసిపెట్టారు. అప్పటికి రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు. ఆ పేలుడులో నక్షత్రం పైపొరలు చెదిరిపోయాయి, నడిమి గర్భం తనలోకి తాను కూలిపోయింది. వేల కిలోమీటర్ల గర్భం ఇరవై కిలోమీటర్ల ముద్ద అయింది. సూర్యుడికన్నా ఎక్కువ పదార్థం ఒక మండలమంత చోటులో ఇరుక్కుంది. అదే నియమం ప్రకారం, తిరుగుడును ఇంకొకదానికి ఇవ్వకుండా కుంచించుకుంటే వేగం పెరుగుతుంది: వ్యాసార్థం సగమైతే తిరుగుడు నాలుగు రెట్లవుతుంది. వందో వంతుకు కుంచించుకుంటే పదివేల రెట్లవుతుంది. అందుకే అంత బరువైన ముద్ద ఇప్పటికీ సెకనుకు 30 సార్లు తిరుగుతోంది.

కుంచించుకోవడం వల్ల ఆ గర్భానికి విశ్రాంతి దొరకలేదు. ఉన్న తిరుగుడే ఉగ్రమైంది. ఇప్పుడది ఏటేటా కాస్తంత నెమ్మదిస్తోందంటే, చుట్టూ ఉన్న మేఘానికి తన శక్తిని ఇస్తున్నందువల్లనే. ఆ మేఘం నేటికీ వెలుగుతున్నది ఆ శక్తితోనే.

మన సూర్యుడి కథ వేరు. సౌరకుటుంబంలోని పదార్థంలో నూటికి 99 పాళ్లకు పైగా సూర్యుడిదే. కోణీయ ద్రవ్యవేగం మాత్రం చాలావరకు గ్రహాల దగ్గరుంది, అందులో పెద్ద వాటా గురుడిది. పుట్టుకలో వచ్చిన తిరుగుడును సూర్యుడు చుట్టూ ఉన్న వాయువుల పళ్లేనికీ, ఆ తర్వాత తననుంచి వీచే సౌరపవనానికీ ఇచ్చుకున్నాడు. అందుకే నడుము దగ్గర ఒక చుట్టు తిరగడానికి 25 రోజులు తీసుకునేంత నిదానంగా ఉన్నాడు. ఆ పళ్లెంలోనే మన భూమి పుట్టింది.

మనసుకు నక్షత్రాల లెక్క వర్తిస్తుందని నేను అనను. కానీ ఈ నియమం తలచుకున్నప్పుడల్లా నాకు మనుషులే కళ్లముందు మెదులుతారు. జనగామ దిక్కు బోర్లు ఎండిన ఏడాది రైతు మొదట మాట తగ్గిస్తాడు. పొద్దున చాయ్ హోటల్ కాడికి రాడు. చుట్టాల ఇంట్ల పెండ్లికి పోడు. లోకాన్ని చిన్నగా చేసుకుంటే బాధ కూడా చిన్నదవుతుందని అనుకుంటాడు. లోపల మాత్రం అదే అప్పు, అదే ఎండిన బోరు ఇంకా జోరుగా తిరుగుతుంటాయి. గనిలో దిగి దిగి రిటైరైన సింగరేణి కార్మికుడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూడా ఇట్లాగే తమలోకి తాము ముడుచుకుపోతారు.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. చావు ఇంటికి వాడంతా కదిలిపోయి కూచుంటుంది. ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయిన మనిషి గుణాలు ఎత్తి ఎత్తి శోకం పెడతారు. చూసేవాళ్లకు అది వట్టి ఏడుపుగా అనిపించవచ్చు. నిజానికి ఒకరు మోయలేని బరువును పదిమంది తలా కాస్త ఎత్తుకోవడం అది. బరువు మాయం కాదు, పంచుకుంటేనే అది మోయదగినదవుతుంది.

మీ వాడలో ఈమధ్య బయటికి రావడం మానేసిన మనిషి ఉంటే, పిలిచేదాకా ఆగకండి. పోయి పక్కన కూచోండి. చెప్పనివ్వండి, ఏడవనివ్వండి. మీరే ఆ మనిషి అయితే, ఇచ్చుకోవడానికి సిగ్గుపడకండి. సూర్యుడంతటివాడే తన తిరుగుడును ఒక్కడే మోయలేదు.