మూడింటికి నేనూ మెలకువగానే ఉంటాను

బంగారూ,

మొన్న ఫోన్‌లో "ఈ చదువు నా వల్ల కాదు అమ్మమ్మా" అన్నావు. మీ అమ్మ కంగారుపడింది. ఆ మాట నువ్వు పైకి అన్నందుకు నా మనసు మాత్రం కుదుటపడింది.

ఎనిమిది సెమిస్టర్లు, పొద్దున వార్డు, మధ్యాహ్నం క్లాసు, రాత్రి కేర్ ప్లాన్లు, లాగ్ బుక్కులో సంతకాలు. అలసట నిజమే. కానీ నిన్ను కుంగదీసింది అవి కావు, ఆ పన్నెండో బెడ్ తాతగారు. నాలుగు రోజులు బీపీ చూసి, అన్నం తినిపించిన మనిషికి ఐదో రోజు ఒళ్లు తుడిచి, ముక్కుల్లో దూది పెట్టి, తెల్లగుడ్డ కప్పావు. చేతులు కడుక్కుని అరగంటలో కేస్ ప్రెజెంటేషన్‌కి నిలబడ్డావు. మధ్యలో కాసేపు కూర్చోమని కూడా నీకెవరూ చెప్పలేదు.

1978లో నేను జనరల్ నర్సింగ్ ట్రైనింగులో ఉండగా ధనుర్వాతం వచ్చిన ఏడేళ్ల పిల్లాణ్ణి చూసుకోమన్నారు. వెలుతురు పడినా, చిన్న చప్పుడైనా వాడి ఒళ్లు విల్లులా వంగిపోయేది. అందుకని ఆ చీకటి గదిలో చెప్పులు విప్పి నడిచేదాన్ని. మూడో రాత్రి పోయాడు. నర్సు ఏడవకూడదని మాకు నూరిపోశారు, నేనూ ఏడవలేదు. వారం రోజులు ముద్ద దిగలేదు. ఎక్కడ ట్రే కిందపడినా ఉలిక్కిపడేదాన్ని. చివరికి వార్డు ఆయా నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చి, "ఎలా ఉండేవాడమ్మా ఆ పిల్లాడు?" అనడిగింది. వెక్కివెక్కి ఏడ్చాను. ఆ రాత్రి అన్నం తిన్నాను. మాకు చెప్పిన ఆ పాఠం తప్పు తల్లీ. రోగి దగ్గర చెయ్యి వణక్కూడదు, అంతవరకే.

అందుకే, వార్డులో ఎవరైనా పోయిన రోజు ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకుండా పడుకోకు. నీ రూమ్మేట్‌కే చెప్పు. ఆ పిల్లా నీలాగే బింకంగా ఉండి ఉంటుంది.

డోసు లెక్క అడిగితే అందరి ముందూ కసిరారన్నావు. కసరనీ. అనుమానం వస్తే మళ్లీ అడుగు. మందు ఎక్కించాక అడిగి లాభం లేదు.

నైట్ దిగాక టిఫిన్ తిని, కిటికీకి దుప్పటి కట్టి నిద్రపో. ఫోన్ దూరంగా పెట్టు. రోజుల తరబడి నిద్రా ఆకలీ లేకపోతే మీ ఆసుపత్రిలోనే మనసు డాక్టరు దగ్గరికి వెళ్లు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ క్షణమే పక్కనున్న మనిషిని పిలువు, 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, 2022లో మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాకు ఫోన్ చెయ్యాలనిపిస్తే వేళ చూడకు. రిటైరై ఇన్నేళ్లైనా నైట్ డ్యూటీ అలవాటు పోలేదు, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. వరండాలో కూర్చుంటాను, ఫోన్ పక్కనే ఉంటుంది. ఆ తాతగారు ఎలా ఉండేవారో నువ్వు నాకింకా చెప్పనేలేదు.