వరిబువ్వ

పోయిన నెల ఏటా చేయించే చెకప్‌కి వెళితే, డాలస్‌లో మా డాక్టరమ్మ బరువు చూసి, నడుం చుట్టూ టేపు చుట్టి, "బి.ఎం.ఐ. 24.6. ఇంకెవరికైనా అయితే పరవాలేదనేదాన్ని. మీకు అనలేను" అంది. అదే బరువుకి మన దక్షిణాసియావాళ్ళలో కొవ్వు ఎక్కువ, అదీ పొట్టలో. అందుకే ఆసియావాళ్ళు 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు.

"మీ సంప్రదాయ భోజనం ఏమిటి?" అనడిగింది.

"అన్నం" అన్నాను తడుముకోకుండా.

ఇంటికొస్తుంటే దారిలో తట్టింది, అది అబద్ధమని. మాది అనంతపురం జిల్లాలో మెట్ట పల్లె. మా తాత తిన్నది రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం. వరిబువ్వ పండక్కో, చుట్టాలొస్తేనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే మా ఇంట్లో రోజూ వరన్నం వండారట. అప్పుడు నాకు నాలుగేళ్ళు. అంటే నేను సంప్రదాయం అనుకుంటున్నది మా తాత తీరని కోరిక. దాన్ని నేను మూడు పూటలా తీరుస్తున్నాను, పన్నెండు గంటలు కుర్చీలో కూర్చుని.

అలాగని పాతదంతా ఆరోగ్యమనీ అనలేను. తాత సన్నగా ఉండడానికి జొన్నలూ, మడక దున్నడమూ ఎంత కారణమో, వానల్లేని ఏళ్ళలో చాలీచాలని తిండీ అంతే కారణం. ఇండియన్ స్టోర్‌లో కొర్రల ప్యాకెట్టు మీద 'పూర్వీకుల ఆహారం' అని చదివినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గేస్తుంది.

ఆరు నెలలుండడానికి అమ్మ వచ్చింది. ఆ రాత్రి రెండో గరిటె వడ్డించబోతే చెయ్యడ్డం పెట్టి, "రేపట్నించి జొన్నరొట్టె చెయ్యమ్మా" అన్నాను.

గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. "అది తప్పించాలనే గదా నాయనా నిన్ను చదివించింది!"

పొట్ట నాది, బాధ్యతా నాదే. డాక్టరమ్మ మాట కాదనను. కానీ అమ్మ జీవితమంతా కష్టపడి గెలుచుకున్నదాన్ని జబ్బు అని ఆమె ఎదుటే అనే హక్కు నాకెక్కడిది? అనకపోతే నా పిల్లలకి ఏం నేర్పుతున్నట్టు?

మర్నాడు రొట్టెలు తట్టింది. రెండు తిన్నాను. అమ్మ పక్కన కూర్చుని కంచం నిండా పెరుగన్నం కలుపుకుంది. ఆమెకి పదేళ్ళుగా షుగరు. వద్దనలేకపోయాను.