ముందెవరు? వెనకెవరు?

పెళ్ళి శుభలేఖలో పేర్ల వరుస దగ్గర పుట్టిన అలకలు, పుట్టిన పిల్లల బారసాల దాకా తీరని ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక అన్నది చూడ్డానికి చిన్న విషయమే. అయితేనేం, ఏ మనిషిని ఎక్కడ నిలబెట్టామో అందులోనే తెలిసిపోతుంది.

కంప్యూటరుకీ ఈ తంటా తప్పలేదు. జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాషలో 9, 100, 2, 10, 1 అనే సంఖ్యలిచ్చి, "వరుసగా పేర్చు" అని ఊరుకున్నారనుకోండి. 1, 10, 100, 2, 9 అని పేరుస్తుంది! దానికి మతిపోలేదు. ఏ కొలతా చెప్పకపోతే సంఖ్యల్ని కూడా మాటల్లాగే చూడాలన్నది ఆ భాషలో పెట్టిన నియమం. మొదట ఒకటి ఉంది గనక నూరు వెళ్ళి రెండుకి ముందు కూర్చుంది.

అలా కాదనుకుంటే మనమే ఓ చిన్న సూత్రం రాసివ్వాలి. ఇద్దర్ని చూపిస్తే ఎవరు ముందో చెప్పడమే దాని పని. మొదటివాడు ముందుండాలంటే సున్నాకి తక్కువ సంఖ్య, వెనకుండాలంటే ఎక్కువ సంఖ్య, ఇద్దరూ సమానమైతే సున్నా. వెయ్యిమంది ఉన్నా ఇలా ఇద్దరిద్దర్ని పోల్చుకుంటూనే వరుస తేలుస్తుంది. ఒక్కటే షరతు, మాట మీద నిలబడాలి. రాముడు సోముడికి ముందు, సోముడు భీముడికి ముందు అన్నాక, భీముడు రాముడికి ముందంటే కుదరదు.

మన అక్షరాల సంగతే చూడండి. యూనికోడ్ వారిచ్చిన సంఖ్యల్లో 'ళ' వచ్చి 'ల' పక్కన, 'వ'కి ముందు కూర్చుంది. మనం పలక మీద దిద్దిన వరుసలో అది 'హ' తర్వాతది. ఆ సంఖ్యల్ని బట్టి పేరిస్తే 'కళ' ముందు, 'కవి' వెనక. మన వరుస నేర్పితే కవే ముందు! ఏది న్యాయమో కవులు తేల్చుకోవాలి.

నవ్వులాటకేం గానీ, ఇందులో ఓ నిజం ఉంది. మనం కొలత చెప్పకపోయినా ఏదో ఒక కొలత ఉండనే ఉంటుంది. "మా ఇంట్లో ఎక్కువ తక్కువలు లేవండీ" అనే ఇంట్లోనూ వండిన మనిషే చివర తింటుంది, గిన్నెలో అడుగున మిగిలింది ఊడ్చుకుని. ఎవరు పెట్టారీ వరుస అంటే ఎవరూ పెట్టలేదంటారు. ఎవరూ పెట్టనిదాన్ని ఎవర్ని అడుగుతాం?

ఆస్పత్రిలో చూడండి. ప్రాణం మీదికొచ్చినవాణ్ణి ముందు లోపలికి తీసుకువెళతారు. కాలు బెణికి గంటనుంచి కూర్చున్నవాడు మూలిగినా కాదనడు. అక్కడి కొలత ఏమిటో అతనికి తెలుసు, రేపు తనకీ అదే వర్తిస్తుందనీ తెలుసు.

ఆ సూత్రంలో నాకు బాగా నచ్చింది సున్నా. ఇక్కడ సున్నా అంటే విలువ లేదని కాదు, ఇద్దరికీ తేడా లేదని. సమానమన్నవాళ్ళని మొదట వచ్చిన క్రమంలోనే ఉంచాలని 2019లో ఆ భాషకు నియమం కూడా పెట్టారు. సమానులైనా ఒకరు ముందు నిలబడక తప్పదు. అంతమాత్రాన ముందున్నవాడు గొప్పవాడైపోడు.

ఎవర్నయినా వెనక నిలబెడితే, ఎందుకు నిలబెట్టామో వాళ్ళ మొహం చూసి చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ కొలత మార్చుకోవాల్సిందే. నమ్మకం లేకపోతే ఈ పూట గరిటె పట్టుకున్న మనిషికి ముందు వడ్డించి చూడండి. ఏ శాస్త్రమూ అడ్డురాదు.