ఏం మేసింది?

మన కన్ను అదిరితే శకునం వెతుక్కుంటాం. మగవాళ్ళకు కుడికన్ను మంచిదా, ఆడవాళ్ళకు ఎడమకన్ను మంచిదా అని లెక్కలు వేస్తాం. పశువు ఒళ్ళు అదిరితే మాత్రం కాపరికి శకునం గుర్తుకురాదు. "నిన్న యాడ మేసిందిరా ఇది?" అంటాడు. మన శకునాల కంటే ఈ ప్రశ్నలోనే ఎక్కువ వివేకం ఉందని నాకనిపిస్తుంది.

గుర్రం సంగతే చూడండి. ఈగ వాలితే దాని చర్మం ఆ చోటు మట్టుకే జలదరిస్తుంది. అది ఆరోగ్యం. ఈగా దోమా లేకుండానే తొడ కండలు అదిరి, చెమటలు కారి, నాలుగడుగులు వేయగానే వెనకకాళ్ళు కొయ్యబారితే అది జబ్బు. గుర్రాలు బండ్లు లాగిన రోజుల్లో పాశ్చాత్య దేశాల్లో దీన్ని 'సోమవారం జబ్బు' అనేవాళ్ళు. ఆదివారం పని ఉండదు, దాణా మాత్రం తగ్గదు. సోమవారం బండికి కట్టగానే కండలు బిగుసుకుపోయి, మూత్రం కాఫీ రంగులో వచ్చేది. సెలవునాడు గింజ తగ్గించాలని గుర్రాలవాళ్ళు అనుభవం మీద నేర్చుకున్నారు. కండరాల్లో చక్కెర నిల్వలు అతిగా పేరుకుపోయే ఒక రకాన్ని పరిశోధకులు 1992లో గుర్తించారు. దాని వెనకున్న జన్యులోపం బయటపడింది 2008లో. ఇవాళ ఆ గుర్రాలకు వైద్యులు చెప్పేదీ దాదాపు అదే: గింజ తగ్గించండి, గడ్డి పెంచండి, బలానికి కొంచెం నూనె కలపండి, రోజూ నడిపించండి. కారణం తెలియకముందే చేయవలసింది తెలిసిపోయిందన్న మాట.

నెల్లూరు జిల్లా మర్రిపాడు వైపు ఇప్పుడు గుర్రాలెక్కడివి? 1513-14లో కృష్ణదేవరాయల సేన ఉదయగిరి కోటను ముట్టడించినప్పుడు ఈ దారులు గుర్రాలను చూసి ఉంటాయి. ఇప్పుడున్నవి గొర్రెలు, మేకలు, బర్రెలు, ఆవులు. అయినా 'యాడ మేసింది, ఏం మేసింది' అన్న ప్రశ్న ఇక్కడ ఇంకా గట్టిగా అడగాలి. ఎందుకంటే వెలిగొండల పక్కనున్న ఈ మెట్టలో వాన నమ్మకం లేనిది, మేత కూడా అంతే.

వాన మొహం చాటేసిన ఏడు మోకాలెత్తు జొన్న వాడిపోయి నిలబడుతుంది. ఆకలిగొన్న ఆవు గట్టు దాటి ఆ పైరు మీద పడుతుంది. కాసేపటికే ఊపిరి ఎగపోస్తుంది, నోట నురగ కడుతుంది, కండలు గిలగిల అదురుతాయి, కాళ్ళు తడబడి కూలిపోతుంది. రైతులు దీన్నే నాము అంటారు. లేత జొన్న, బెట్టకు గిడసబారిన జొన్న, కోసిన మోడు నుంచి లేచిన పిలక తమలో ఒక విషాన్ని దాచుకుంటాయి. పశువు నమిలితే అది సైనైడ్‌గా విడిపోతుంది. డాక్టరు వేళకు వచ్చి నరానికి మందు ఎక్కిస్తే బతుకుతుంది, లేకపోతే గంట కూడా పట్టకపోవచ్చు.

ఇది లేమి తెచ్చే జబ్బు. కలిమి తెచ్చేది కూడా ఉంది. వానలు పడి బీళ్ళు పచ్చబడగానే గొర్రెలు ఆబగా లేతగడ్డి మేస్తాయి. పేగుల్లో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవి ఒక్కసారిగా పెరిగి విషం కక్కుతుంది. గొర్రె ఎగిరిపడి, కాళ్ళు కొట్టుకుని ప్రాణం వదులుతుంది. చిటుక రోగమని దీని పేరు. మందలో బాగా బలిసిన పిల్లనే ఇది ముందు ఎత్తుకుపోతుంది. కాపరి కడుపు నిండా మేపానని మురిసిన పిల్లే పోవడం చూస్తే, ప్రేమకు కూడా కొలత కావాలని అర్థమవుతుంది. గుర్రాల విషయంలోనూ అంతే. 13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కోపోలో, ఇక్కడివాళ్ళు ఎంతో డబ్బు పోసి కొన్న గుర్రాలకు అన్నం, మాంసం ఉడికించి పెడుతున్నారని రాశాడు. సరైన పోషణ లేక అవి నిలవడం లేదనీ రాశాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత చెప్పుకుంటాం. ఎంత పెట్టామన్నదాని కంటే దాని ఒంటికి ఏది పడుతుందన్నది ముఖ్యమని ఆ సామెత చెప్పదు.

అదురులన్నీ మేత వల్లే రావు. ధనుర్వాతమైనా, పిచ్చికుక్క కాటైనా కావచ్చు. ఈనిన బర్రె వణికి కూలబడితే రక్తంలో కాల్షియం పడిపోయి ఉండొచ్చు. కొన్ని గుర్రాల వణుకుకు వైద్యశాస్త్రం ఇంతవరకూ కారణం చెప్పలేకపోయింది. అది ఒప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు. కానీ కారణం తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోవడం తప్పు. పుట్టుక మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు. గాటిపాట్లో ఏం వేస్తామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

కాబట్టి పశువున్న ప్రతివాళ్ళకూ ఒక మాట. జొన్న పూతకు వచ్చేదాకా పశువును అటు పోనివ్వకండి. చిటుక టీకా వానలకు ముందే వేయించండి. మేత ఏది మార్చినా కొంచెం కొంచెంగా మార్చండి. ఒళ్ళు అదిరితే డాక్టరుకు కబురు పెట్టి, ఆయన వచ్చేలోపు రెండు రోజుల మేత గుర్తుచేసుకోండి. ఆయన మొదట అడిగేది అదే.