15 ఆంపియర్ల మర్యాద

జీప్ రాంగ్లర్ డ్యాష్‌బోర్డు మధ్యలో, కింది వరుసలో నాలుగు స్విచ్చులుంటాయి. 2018 మోడల్‌తో మొదలైన తరం బండికి, అమెరికాలో కొనేవాళ్లు కోరితే కంపెనీయే బిగించి ఇచ్చే స్విచ్చులివి. కొత్త బండిలో వాటిని నొక్కితే ఏ పరికరమూ పనిచేయదు. వాటి తాలూకు వైర్లు కొన్ని బానెట్ కింద, కొన్ని క్యాబిన్ లోపల, కొసలు మూసి చుట్టి పెట్టి ఉంటాయి. వాటికి ఏం తగిలించాలో కంపెనీ చెప్పదు. ఫోకస్ లైట్లు పెట్టుకుంటారో, టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ పెట్టుకుంటారో అది యజమాని ఇష్టం. ఎంత తగిలించవచ్చో మాత్రం కచ్చితంగా చెబుతుంది. మొదటి రెండు స్విచ్చులకు 40 ఆంపియర్లు చొప్పున, తర్వాతి రెండింటికి 15 చొప్పున.

ఏమిటన్నది నీ ఇష్టం, ఎంతన్నది కాదు. మనిషి స్వేచ్ఛ గురించి మతాలూ దర్శనాలూ చేసిన వాదాల్లో ఉన్న పెద్ద చిక్కు ఈ నాలుగు స్విచ్చుల దగ్గర చేత్తో తాకేంత దగ్గరగా కనిపిస్తుంది. శక్తి చేతిలో ఉండగా ఒక గీత దగ్గర ఆగిపోవడం ధర్మమా, చేతకానితనమా?

ఈ ప్రశ్నకు సరిపడే మాట మనకొకటి ఉంది, మర్యాద. ఇవాళ ఆ మాట వింటే పెళ్లివారికి చేసే మర్యాదలు, పెద్దల ముందు నడుచుకునే తీరు గుర్తొస్తాయి. సంస్కృతంలో దానికున్న పాత అర్థం హద్దు, పొలిమేర. సముద్రానికి మర్యాద తీరం. రాముణ్ణి మర్యాదా పురుషోత్తముడు అన్నది మాట మెత్తగా ఉంటుందని మాత్రమే కాదు, గీత దాటే బలం ఉండీ దాటనివాడు కాబట్టి. హద్దునీ, ఎదుటి మనిషికిచ్చే గౌరవాన్నీ ఒకే మాట మోస్తోంది. బండికి అదనపు లైట్లు బిగించే పనిలో ఆ రెండర్థాలూ ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి.

ముందు హద్దు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హాలోజన్ లైట్లు రెండు కలిపి 110 వాట్లు, 12 వోల్టుల బండిలో 9 ఆంపియర్ల పైచిలుకు. 15 ఆంపియర్ల స్విచ్చు మీద ఇవి హాయిగా నడుస్తాయి. 180 వాట్ల ఎల్ఈడీ బార్ కూడా కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది, లెక్క సరిగ్గా 15 తేలుతుంది. అయినా పని తెలిసిన ఎలక్ట్రీషియన్ దాన్ని ఆ వైరుకు తగిలించడు. ఆగకుండా వెలిగే లోడు ఫ్యూజు సామర్థ్యంలో 80 శాతం దాటకూడదన్నది ఆ పనివాళ్లు పాటించే లెక్క. 15 మీద అది 12 ఆంపియర్లు, అంటే 144 వాట్లు. ఆ బార్ పోవలసింది 40 ఆంపియర్ల స్విచ్చుకే. వదిలేసిన ఆ మూడు ఆంపియర్లు వృథా పోలేదు. బానెట్ కింది వేడికీ, ఏళ్లు గడిచాక బిగువు తగ్గే జాయింటుకీ అవి ఉంచిన చోటు.

ఫ్యూజును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. గోరంత ప్లాస్టిక్ ముక్క, కింద రెండు లోహపు కాళ్లు. నీలం రంగుదైతే 15 ఆంపియర్లు, పసుపు 20, ఆకుపచ్చ 30. వెలుతురుకు పట్టి చూస్తే రెండు కాళ్లనూ కలుపుతూ లోపల సన్నని వంతెన కనిపిస్తుంది. బ్యాటరీ నుంచి లైటు దాకా ఉన్న దారి మొత్తంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే, కావాలని బలహీనంగా చేసిన చోటు. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. 15 ఆంపియర్ల కోసం వేసిన వైరులో 30 పారితే ఏదో ఒకటి కరగక తప్పదు. కరిగేది ఏదో, ఎక్కడో ముందే నిర్ణయించి పెట్టడమే ఫ్యూజు పని.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫ్యూజు లైటును కాపాడుతుందని అనుకుంటారు. అది కాపాడేది వైరును. అందుకే విడిగా వైరు లాగేటప్పుడు ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెడతారు. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న జానెడు వైరుకు ఏ రక్షణా ఉండదు కాబట్టి ఆ జానెడు ఎంత తగ్గితే అంత మేలు. నీలం ఫ్యూజు పోయిందని దాని స్థానంలో ఆకుపచ్చది గుచ్చితే లైటు వెలుగుతుంది, ఆ రాత్రికి ప్రయాణం సాగుతుంది. పాత ఇళ్లలో మెయిన్ దగ్గర ఫ్యూజు తీగ మాటిమాటికీ పోతోందని మందపాటి రాగి తీగ చుట్టేసినప్పుడు జరిగేదీ ఇదే. హద్దు చెరిగిపోలేదు, చోటు మారింది. ఇప్పుడు వైరే ఫ్యూజు. డ్యాష్‌బోర్డు వెనకో, కార్పెట్ కిందో, పిల్లలు కూర్చునే సీటు పక్కనో అది కరుగుతుంది.

మన వ్రతాలకూ దీక్షలకూ వెనక ఉన్న ఆలోచన ఇదే కదా. ఫ్యూజుకు తనదంటూ నిర్ణయం లేదు. నిర్ణయం మనిషిది, అదీ ముందే చేసినది, లైట్లు వెలగకముందు, తొందర లేని వేళ, బుర్ర చల్లగా ఉన్నప్పుడు. మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులకు సరిపడా నియమాన్ని మొదటి రోజే తన మీద వేసుకుంటాడు. ఇరవయ్యో రోజు కోరిక బలంగా ఉన్నప్పుడు కొత్తగా వాదించుకోవలసిన పని లేకుండా. బలం మీద నమ్మకముంటే వ్రతమే అక్కర్లేదు. తన బలం ఎక్కడ సరిపోదో తెలిసినవాడే వ్రతం పడతాడు. కోరిక పెరిగినప్పుడల్లా నియమాన్ని సడలించుకుంటూ పోయేవాడు నీలం తీసి ఆకుపచ్చ గుచ్చుతున్నాడు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. హద్దు కొన్నిసార్లు తప్పు వేళలో తెగుతుంది. ఘాట్ రోడ్డు మలుపులో ఫ్యూజు పోయి చీకటి కమ్ముకుంటే ఆ నియమం ఎవరిని కాపాడినట్టు? అదనపు లైట్లకు కరెంటు మోసే వైరింగు అసలు హెడ్‌లైట్ల వైరింగుతో ముడిపడకూడదని పనివాళ్లు పట్టుబట్టేది ఇందుకే. కాలిఫోర్నియా రాష్ట్ర వాహన చట్టం ఈ మాట సూటిగా రాసుకుంది. రోడ్డు లేని చోట నడపడానికి ఎనిమిది దాకా దీపాలు బిగించుకోవచ్చు, అవి మిగిలిన దీపాల సర్క్యూట్ల నుంచి పూర్తిగా విడిగా ఉండాలి. అదనంగా కోరుకున్నది పోతే అదొక్కటే పోవాలి, బతుకు ఆధారపడ్డ దీపం ఆరకూడదు. నియమం ఎంత కఠినంగానైనా ఉండవచ్చు, దాని మీద ప్రాణం వేలాడదీయనంత వరకు. ఉపవాసాల విషయంలో రోగులకూ, గర్భిణులకూ, పసిపిల్లలకూ పెద్దలు మినహాయింపులు పెట్టింది ఈ తెలివితోనే.

లోపలి పనిలో ఎక్కువ భాగం ఎవరికీ కనపడదు. ఇంజను వైపు నుంచి క్యాబిన్‌లోకి వైరు దూరే రేకు రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ లేకపోతే, రేకు అంచు వేల కిలోమీటర్ల కుదుపులకు ఇన్సులేషన్‌ను కొంచెం కొంచెంగా కోస్తుంది. ఎర్తు వైరును పెయింటు మీదే బిగిస్తే లైటు మసకగా వెలుగుతుంది, జాయింటు వేడెక్కుతుంది. పెయింటు గీకి, లోహం మెరిసేదాకా తెచ్చి, అప్పుడు బోల్టు బిగించాలి. రెండు వైర్లు మెలేసి టేపు చుడితే ఇంజను వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, లగ్గు పెట్టి క్రింపు చేస్తే నిలుస్తుంది. బానెట్ మూశాక మంచి పనీ చెడ్డ పనీ ఒకేలా ఉంటాయి. తేడా బయటపడేది రెండేళ్లకో మూడేళ్లకో, ఏ వానరాత్రో. అయినా గ్రోమెట్ పెట్టేవాళ్లున్నారు. చూసేవాళ్లు లేని చోట సరిగా చేసిన పని మీద లోకం ఎంత ఆధారపడి ఉందో తలచుకుంటే గౌరవంతో పాటు కొంత భయమూ కలుగుతుంది.

ఇక మర్యాదకు రెండో అర్థం. లైటు తన వైరు హద్దులో ఉంది, ఫ్యూజు సరైనదే, ఎర్తు శుభ్రం. రోడ్డెక్కాక ఎదురుగా ఒక మనిషి వస్తున్నాడు.

చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి మనిషి కంటికి దాదాపు అరగంట పడుతుంది. ఆ అలవాటును చెడగొట్టడానికి ఒక్క తీవ్రమైన కాంతి చాలు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. కళ్లు మూడు సెకన్లు చెదిరితే 66 మీటర్ల రోడ్డు చూడకుండా నడిపినట్టే. మన వైపు రోడ్ల మీద ఆ 66 మీటర్లలో ఏముంటాయో అందరికీ తెలుసు. వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు, ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, కాపలాగా పక్కనే నిద్రపోతున్న రైతు.

ఇక్కడ ఒక తెలుగువాడి పాత చర్చ పనికొస్తుంది. 17వ శతాబ్దంలో అన్నంభట్టు తర్కసంగ్రహం రాసి, దానికి దీపిక అనే వ్యాఖ్యను తానే రాశాడు. లోకంలో ద్రవ్యాలు తొమ్మిదే అని చెప్పాక ఆయనే ఒక ఆక్షేపణ ఎత్తుకుంటాడు. చీకటి నల్లగా కనిపిస్తుంది, కదులుతున్నట్టూ ఉంటుంది, మరి అది పదో ద్రవ్యం ఎందుకు కాదు? ఆయన సమాధానం పదునైనది. రంగున్న వస్తువును కన్ను చూడాలంటే వెలుగు తోడు కావాలి. చీకటి వెలుగు లేకుండానే తెలుస్తోంది. కాబట్టి అది రంగున్న వస్తువు కాదు, వెలుగు లేకపోవడం మాత్రమే.

అన్నంభట్టు తర్కాన్ని బండి మీద వెళ్తున్న మనిషికి అన్వయిస్తే ఒక చిక్కు వస్తుంది. ఎదుటి బండి టాపు మీద ఎల్ఈడీ బార్ వెలగగానే అతనికి రోడ్డు మాయమవుతుంది. వెలుగు లేకపోవడం కాదిది, ముఖం నిండా వెలుగే. అన్నంభట్టు వంటి నైయాయికుల భాషలో చూపుకు వెలుగు సహకారి, పక్కన నిలబడి పని జరిపించేది. ఆ సహకారి తన చోటు వదిలి నేరుగా కంట్లోకి దూకితే చూపు అసలే జరగదు. వెలుగంటే జ్ఞానమనీ, ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ మనం చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం. దీపపు వెలుగు వస్తువు మీద పడాలి, చూసేవాడి కంట్లో కాదు అన్న షరతును ఎవరూ విడిగా చెప్పలేదు, ప్రమిదలకూ లాంతర్లకూ ఆ అవసరం రాలేదు కాబట్టి.

లారీల వెనక రాత్రిపూట డిప్పర్ వాడమని రంగుల అక్షరాలతో రాసి ఉండేది. డ్రైవర్ల మధ్య అదొక భాష. నిన్ను చూశాను, నువ్వు రా, నేను దించుతున్నాను. బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు మనిషికి వెలుగేదని యాజ్ఞవల్క్యుణ్ణి వరసగా అడుగుతూ పోతాడు. సూర్యుడు, అతడు అస్తమిస్తే చంద్రుడు, అదీ లేకపోతే అగ్ని. అగ్ని కూడా ఆరితే వాక్కు. తన చెయ్యి తనకే కనపడని చోట మనిషి గొంతు వినిపించిన వైపు నడుస్తాడని ఋషి వివరిస్తాడు. ఆ తర్వాతిది ఆత్మ. ఈ వరసలో అగ్ని తర్వాత వాక్కు రావడం రాత్రి రోడ్డు మీద అక్షరాలా నిజం. హై బీమ్ దించడం ఒక మాట అనడమే. విడి స్విచ్చు మీద వెలిగే లైట్ల బార్‌కు ఆ మాట రాదు. హెడ్‌లైటును దించినా అది వెలుగుతూనే ఉంటుంది.

దానికి మాట నేర్పడం కష్టమేమీ కాదు. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును తెరిచి మూసే మీట రిలే. అదనపు లైట్ల రిలేను పనిచేయించే సన్నని సంకేతపు వైరును హై బీమ్ వైరు నుంచి, మధ్యలో స్విచ్చు పెట్టి, తీసుకుంటే చాలు. రిలే కాయిల్‌కు కావలసింది ఆంపియరులో చిన్న భాగం, హై బీమ్ సర్క్యూట్ మీద భారం పడదు. అసలు లోడు బ్యాటరీ నుంచి తన ఫ్యూజు గుండానే పారుతుంది. డ్రైవరు డిప్ చేసిన క్షణంలో ఆ లైట్లూ ఆరిపోతాయి, మళ్లీ ఎత్తితే వెలుగుతాయి.

కాలిఫోర్నియా చట్టం ఇంకో అడుగు వేసింది. రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఆ ఎనిమిది దీపాలూ ఆర్పి ఉండడమే కాదు, కాంతి దూరని మూతలు కూడా తొడిగి ఉండాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చవద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. ఆ కాలిఫోర్నియా నియమం పాటించేవాడైతే, ఎడారిలోనో కొండదారిలోనో బార్ వెలిగించుకున్న మనిషి తారురోడ్డు కనపడగానే బండి ఆపి, దిగి, ఒక్కొక్క లైటుకీ మూత తొడుగుతాడు. అప్పటికి ఎదురుగా ఎవరూ ఉండకపోవచ్చు. రాబోయే ఎవరో ఒకరి కోసం ఆ పని.

బిగింపు పూర్తయ్యాక శ్రద్ధగల పనివాడు చేసే చివరి పనులు మూడు. బండిని గోడకు ఎదురుగా చదునైన నేల మీద నిలిపి, కాంతి మచ్చ దీపం ఎత్తుకన్నా కొంచెం కిందికి పడేలా బ్రాకెట్ వంచి బిగిస్తాడు. లైట్లు ఇరవై నిమిషాలు వెలగనిచ్చి, వైరు పొడవునా, ప్రతి జాయింటు దగ్గరా అరచెయ్యి పెట్టి చూస్తాడు. ఎక్కడైనా వెచ్చగా తగిలితే విప్పి మళ్లీ చేస్తాడు. అంతా చల్లగా ఉంటే ఫ్యూజు బాక్సు మూత లోపల ఒక ఫ్యూజు అదనంగా గుచ్చి పెడతాడు, నీలం రంగుదే.